కాటా గదిలో గేమింగ్ మౌస్

2023 నవంబరు. రాజాంలో ధాన్యం లారీలు రోడ్డు పొడవునా బారులు తీరే రోజులు. పదిహేనేళ్లుగా కంప్యూటర్ సామాన్ల షాపు నడుపుతున్నా, గేమింగ్ మౌస్ అంటే నాకు చిన్నచూపే. లైట్లు వెలిగే ఆటబొమ్మ, కాలేజీ పిల్లలు కొంటారు, నేను అమ్ముతాను. అంతే.

ఒక గురువారం సత్యవతి గారు వచ్చారు. ఊరి చివర వేబ్రిడ్జిలో, అంటే లారీలను తూచే కాటాలో, ఆవిడ ఆపరేటర్. ఆ వేసవిలో పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది.

"ఒంటిసేత్తో మౌసు వొదిలి కీబోర్డు, కీబోర్డు వొదిలి మౌసు. ఈలోగా డ్రైవర్లు హారన్లు కొట్టేత్తన్నారు. సోమారం నుంచి ఇంకొకల్ని పెడతానని ఓనరు సెప్పేసినాడు. బొటనేలుకాడ బొత్తాలున్న మౌసు ఏటైనా ఉన్నాదా బాబూ?"

వైర్‌లెస్ గేమింగ్ మౌస్ ఒకటి తీశాను. దాని సాఫ్ట్‌వేర్ మా షాపు కంప్యూటర్లో వేసి, పక్క బటన్లలో ఒకదానికి సేవ్, ఇంకోదానికి ప్రింట్ అప్పగించాను. ఆవిడ నొక్కి చూసి మురిసిపోయారు. నేనూ ఏదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను.

గంటకల్లా ఫోను. "ఏటి బాబూ, ఇక్కడ ఒక్క బొత్తామూ పనిసెయ్యట్నేదు!"

తప్పు నాదే. బటన్ల అమరిక మా కంప్యూటర్లోనే ఉండిపోయింది. కాటా కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ వేద్దామంటే దానికి కాటా కంపెనీవాళ్లు పెట్టిన పాస్‌వర్డ్ ఉంది, కొత్తది ఏదీ ఎక్కించనివ్వదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మౌస్ వెనక్కి తెప్పించి, ఈసారి సాఫ్ట్‌వేర్ మూలమూలా వెతికాను. ఆన్‌బోర్డ్ మెమరీ అని ఒకటుంది, అమరికను మౌస్‌లోనే దాచుకునే చోటు. అందులో సేవ్ చేసి, కంప్యూటర్‌కు గుచ్చిన మౌస్ రిసీవర్ పీకి, సాఫ్ట్‌వేర్ లేని మరో కంప్యూటర్‌కు పెట్టాను. రెండు బటన్లూ పలికాయి.

ఇక బ్యాటరీ. అట్టపెట్టె మీద రాసింది నేను నమ్మను. లైట్లతో వాడితే శుక్రవారం ఒక్కరోజులోనే ఛార్జ్ సగానికి పడింది. లైట్లు ఆపేశాను. పోలింగ్ రేటు, అంటే మౌస్ తన కదలికను సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు చెబుతుందో ఆ లెక్క, వెయ్యి నుంచి నూట ఇరవై అయిదుకు తగ్గించాను. లారీల తూకానికి అంత పరుగు అక్కర్లేదు. మళ్లీ ఛార్జ్ నింపి, శని ఆదివారాలు షాపు పనంతా దానితోనే చేశాను. ఛార్జ్ గీత పెద్దగా కదల్లేదు.

సోమవారం షాపు తెరవకుండా మౌస్ తీసుకుని నేరుగా కాటాకు వెళ్లాను. ఓనర్ ఆవిడ వెనకాలే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదటి లారీ ఎక్కింది. సత్యవతి గారి బొటనవేలు రెండుసార్లు కదిలింది, చీటీ బయటికొచ్చింది. రెండో లారీ, మూడో లారీ. ఒక్క హారన్ లేదు. ఓనర్ ఫోన్ తీశాడు.

"నువ్వు రానక్కర్నేదురా. సత్యవతే సూసుకుంటాది."

హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ కళ్లు నిండిపోయాయి. తుడుచుకుందామంటే ఉన్న ఒక్క చెయ్యీ మౌస్ మీదుంది, నాలుగో లారీ ఎక్కుతోంది.

అప్పటి నుంచి ఏ వస్తువైనా నా బల్ల మీద పనిచేస్తే సరిపోయిందనుకోను. కొన్నవాళ్ల కుర్చీ దాకా వెళ్లి చూసి వస్తాను.