ఎనిమిదో తరగతిలో ఆపమన్న పాఠం

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు అవార్డులేమీ రాలేదు. కానీ మా బడిలో ఎనిమిదో తరగతి చదివిన ఒక పిల్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని హెడ్మాస్టరుగారికి తెలుసు. అందుకే సైన్సులో కౌమార దశ పాఠం దగ్గరపడగానే ఆయనే స్టాఫ్ రూముకు వచ్చి మెల్లగా అన్నారు.

"అది ఇంట్లో చదువుకోమని చెప్పేయండి మేడమ్. అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

ఇంట్లో ఎవరు చెప్తారు సార్ అన్నాను. మరుసటి రోజు ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపే కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. నెలసరి ఎందుకొస్తుందో, మగపిల్లల గొంతు ఎందుకు మారుతుందో బోర్డు మీద బొమ్మ గీసి ఉన్నమాట ఉన్నట్టు చెప్పాను. ఇష్టం లేకుండా ఒంటి మీద చెయ్యి వేస్తే, సొంత మనిషైనా సరే, గట్టిగా అరవమన్నాను. మొదట కిసుక్కుమన్నవాళ్ళే తర్వాత ప్రశ్నలడిగారు. పాఠం సగంలో ఉండగా గంట కొట్టేశారు.

మర్నాడు పొద్దున్నే ఒక పిల్ల తండ్రి హెడ్మాస్టరు గదికి వచ్చాడు. రేణిగుంట గోడౌన్లకు లారీ తోలే మనిషి. కూతుర్ని పక్కనే నిలబెట్టుకుని కూర్చున్నాడు. హెడ్మాస్టరుగారు పిలిపిస్తే నేను వెళ్ళగానే అందుకున్నాడు.

"మగపిల్లోళ్ళ ముందర ఆ మాటలేంది మేడమ్? మానం మర్యాదా ఉండే కొంప మాది. ఆ పాఠమన్నా ఆపండి, లేకుంటే టీసీ అన్నా ఇచ్చేయండి. పిల్లను ఇంటికాడే పెట్టుకుంటా."

హెడ్మాస్టరుగారు 'చెప్తే విన్నారా' అన్నట్టు నన్ను చూశారు. టీసీ అనేసరికి ఆ పిల్ల ముఖం పాలిపోయింది. క్లాసులో అందరికంటే ముందుండే పిల్ల. ఇంటికాడ పెట్టుకోవడమంటే చదువు అక్కడితో సరి అని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

పోయిన నెలే ఆ పిల్ల పెద్దమనిషైన ఫంక్షనుకు నేను వెళ్ళాను. బస్టాపు దగ్గర నిలువెత్తు ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. మేనమామలు పళ్ళేల నిండా సారె తెచ్చారు. మైకు సెట్టు వీధంతా మోగింది. బిర్యానీ బాగుంది, కడుపు నిండా తిన్నాను కూడా.

"అన్నా, పాప పెద్దమనిషైందని ఫ్లెక్సీ కట్టి దావన పొయ్యేవాళ్ళందరికీ చెప్పినారు. అప్పుడు పోని మర్యాద ఇప్పుడు పోతుందా? ఏం జరిగిందో ఆ పాపకు ఎవరన్నా చెప్పినారా?" అన్నాను.

"అవన్నీ ఆడోళ్ళు సూసుకుంటారు మేడమ్," అన్నాడు.

ఇంకో నాలుగు మాటలు అనడానికి నోరు తెరిచాను. ఈలోగా ఆ పిల్లే మాట్లాడింది. తల కూడా దించుకోలేదు.

"నాకు ఎవురూ చెప్పలేదు నాయనా. రక్తం సూసి ఏదో పెద్ద జబ్బు అనుకున్నా. అవ్వను అడిగితే, అట్లాంటివి అడక్కూడదు, ఆడ మూల కూసో అనింది. అందురూ ఫోటోలు తీస్తా ఉంటే నేను సచ్చిపోతా అనుకుంటా కూసున్నా. నిన్న మేడమ్ చెప్పినాకే నా భయం పోయింది."

ఆయన కూతురి వైపు తిరిగాడు.

"అంత భయం పెట్టుకుని నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నువ్వు తట్టుకోలేవని."

నేనైతే అరిచి ఆయన నోరు మూయించి ఉండేదాన్ని. ఆ పిల్ల గొంతు పెంచకుండా, ఎవర్నీ తక్కువ చేయకుండా, తన చదువు తనే నిలబెట్టుకుంది. నా పిల్ల అని చెప్పుకోవాలనిపించింది. కన్న తండ్రి ఎదురుగా ఉన్నాడని ఊరుకున్నాను.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"టీసీ వద్దులే మేడమ్. మా చిన్నది ఆరో తరగతిలో ఉండాది. దానికి ముందే చెప్పండి."