పిన్ని చేతులు, ఇంజినీరు బటను

మా పిన్ని ఇంట్లో నోరు మూయదు, పనిలో నోరు తెరవదు. భవనాలు కట్టే చోట క్రేను డ్రైవరుకి చేతులతో సైగలు చేయడం పదహారేళ్లుగా ఆవిడ ఉద్యోగం. ఎత్తున గదిలో కూర్చున్న డ్రైవరుకి బరువు కింద ఏముందో కనబడదు. పిన్ని ఎలా చెబితే అలా దించుతాడు.

ఆవిడకో పట్టుదల ఉంది. ప్రతి సైగకీ డ్రైవరు ముందు హారను కొట్టి జవాబివ్వాలి, ఆ తర్వాతే మీట కదపాలి. జవాబు రాకపోతే తను అసలు చెప్పనట్టే లెక్క. ఇంట్లోనూ ఇదే గోల. "పొయ్యి మీద పాలున్నాయి, చూడు" అంటే మేం "ఊఁ" అంటాం.

"ఊఁ కాదు. నేనేం చెప్పానో చెప్పు" అంటుంది.

నేను అదే సైటు ఆఫీసులో గుమాస్తాని కాబట్టి ఈ చాదస్తం నాకు రెండు పూటలా తప్పదు.

ఈమధ్య కొత్త ఇంజినీరు వచ్చాడు. తెలివైనవాడే, కానీ మాటల పుట్ట. రాగానే వాకీటాకీలు తెప్పించాడు.

"ఇంకా చేతులూపుకుంటూ ఎన్నాళ్లమ్మా? సోమవారం నుంచి పనిముట్ల గదిలో కూర్చోండి. నీడపట్టున ఉంటారు" అన్నాడు పిన్నితో, మర్యాదగానే.

ఆ పూట పిన్ని కంచం ముందు కూర్చుని ముట్టుకోకుండా లేచిపోయింది. "నన్ను మూల కూర్చోబెడుతున్నారే" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి. ఇంజినీరు మీద ఒళ్లు మండిపోయింది.

శనివారం పొద్దున్న మూడో అంతస్తు డాబా మీదికి పెద్ద ఏసీ యంత్రాన్ని ఎక్కించాలి. డాబా మీద నిలబడి ఇంజినీరే వాకీటాకీ పట్టాడు. పిన్నిని పక్కన నిలబడి చూడమన్నాడు. కొలతల కాగితాలు ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే ఆగాను. యంత్రం రెండంతస్తుల ఎత్తు లేచి ఆగిపోయింది.

"ఎత్తు. ఎందుకాపావ్? వింటున్నావా? గాలి కూడా లేదు, అంతా బాగానే ఉంది, ఎత్తమంటున్నానా..."

ఊపిరి తీసుకోకుండా దంచుతున్నాడు. క్రేను ఉలకదు, పలకదు. పనివాళ్లంతా చేతిలో పని వదిలేసి చోద్యం చూస్తున్నారు. ఇంజినీరు చెవులు ఎర్రబడ్డాయి, గొంతు ఇంకా పెరిగింది.

పిన్ని యంత్రాన్ని చూడటం లేదు, పైన డ్రైవరు గదినే చూస్తోంది. అద్దం వెనక అతను చేయి ఊపుతున్నాడు. ఇక ఆవిడ ఎవరినీ అడగలేదు. డాబా అంచుకి నడిచి రెండు చేతులూ బారచాచింది. కదపకు అని. హారను మోగింది. అరచేయి తిప్పి ఏమిటని అడిగింది. అతను యంత్రం అవతలి మూలని వేలితో చూపించాడు. అక్కడ యంత్రాన్ని కట్టిన బెల్టు అంచుదాకా జారిపోయి ఉంది.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. పిన్ని మాత్రం తొణకలేదు. కింద మనుషుల్ని తప్పించి, జానెడు జానెడు దింపించింది. బెల్టు మళ్లీ బిగించారు. తర్వాత సైగ, హారను, సైగ, హారను. యంత్రం మెల్లగా పైకొచ్చి నాలుగు బోల్టుల మీద ఒక్కసారికే కూర్చుంది. డాబా అంతా చప్పట్లు. నేనైతే చేతులు మంటపుట్టేదాకా కొట్టాను.

డ్రైవరు దిగొచ్చాడు. "బెల్టు జారితే నాకెందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు ఇంజినీరు.

"ఆరుసార్లు చెప్పాను సార్. మీరు బటను నొక్కిపట్టి మాట్లాడుతుంటే నా మాట మీకెలా వస్తుంది?"

ఇంజినీరు తన బొటనవేలు చూసుకున్నాడు. ఇంకా నొక్కే ఉంది. వేలు తీసి పిన్ని వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ సైటులో ఉన్న మూడు క్రేన్ల వాళ్లకీ మీరే నేర్పాలి. ముందు నాకు" అన్నాడు.

"వాకీటాకీలూ ఉండనివ్వండి సార్. మాట్లాడాక వేలు తీసి ఆగితే అవీ మంచివే" అంది పిన్ని.

సోమవారం పొద్దున్న ఇరవైమంది వరసగా నిలబడి చేతులు చాచారు. ముందు వరసలో ఇంజినీరు. పిన్ని ఆయన దగ్గర ఆగి మోచెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"ఇంకాస్త పైకి సార్. మీకు తెలిస్తే చాలదు, పైనవాడికి కనబడాలి."