నా చేతులు కాచిన అవ్వ

కాలి వేలికి చీము పట్టి దవాఖానకు బయలుదేరిన అవ్వను ఆ రోజు ఆపింది నేనే. ఖమ్మంలో రెండు రోజులు రేకీ, అంటే ఒంటి మీద చేతులు పెట్టి జబ్బు నయం చేస్తామనే వైద్యం, నేర్చుకుని వచ్చి, ఇంటి ముందు బోర్డు పెట్టుకున్న కొత్త. ఆమె భద్రాచలం అడవి పక్క మా ఊళ్లోనే అడ్డాకుల విస్తళ్లు కుట్టి బతికేది. ఆమెకు షుగరుందని నాకు తెలుసు.

"వారం రోజులు నా దగ్గరికి రా అవ్వా, సూదిమందు లేకుండనే మానుతది" అన్నాను.

నమ్మి వచ్చింది. రోజూ నేను కాలి మీద చేతులు పెట్టబోతే, ముందు వాటిని తన గరుకు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దేది. "గింత సల్లగున్నయేంది బిడ్డా! మంట కాడ కూసోని రారాదు?" అని నవ్వేది.

ఎనిమిదో రోజుకు వేలు నల్లబడింది. దవాఖానలో తీసేశారు. మంచం పక్కన తల దించుకుని నిలబడ్డాను.

"ఇంకా తొమ్మిదున్నయ్ లే బిడ్డా" అంటూ నా చేతులు అందుకుంది. "ఇయ్యాల గూడ సల్లగనే ఉన్నయ్."

ఇంటికొచ్చి బోర్డు పీకేశాను. రేకీ కోసం వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ వేలి సంగతి దాచకుండా చెప్పాను. పుండు మానేదాకా రోజు విడిచి రోజు అవ్వను బండి మీద కట్టు మార్పించడానికి తీసుకెళ్లాను. బండెక్కే ముందు ఆమె రుద్దడానికి నా చేతులు అడిగేది. తలెత్తకుండానే ఇచ్చేవాణ్ణి.