పసుపు అంటిన పదహారు పేజీలు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తరోజుల్లో ప్రపంచాన్ని సరిచేయవలసిన బాధ్యత నా మీదే ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. ప్రపంచమంటే సికింద్రాబాద్‌లోని మా ఆఫీసు, అందులో మధ్యాహ్నం నలుగురం డబ్బాలు విప్పుకునే బల్ల. అప్పుడే నా చేతికి ఒక నవల చిక్కింది. మనిషి తనకు తానే చాలు, ఎవరి సాయమూ అడగకూడదు, సర్కారు కూడా దారికి అడ్డు తప్పుకోవాలి అనే సిద్ధాంతం దాని నిండా ఉంది. "రెండుసార్లు చదివాను" అని చెప్పి బల్ల చుట్టూ తిప్పాను. (చివర్లో హీరో ఉపన్యాసం మొదలవగానే సంగతి అర్థమైపోయిందని మూసేశాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.)

వాళ్ళ అభిప్రాయాలు విని మనసు విరిగింది. మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వచ్చే కంప్యూటర్ ఆపరేటర్ "మస్తుగుంది అన్నా, రెండు పేజీలకే నిద్రపట్టి స్టేషన్ దాటిపోయిన" అన్నాడు. క్యాషియర్‌కు మాత్రం తెగ నచ్చింది. "ఎవ్వల చాయ్ వాళ్ళే తెచ్చుకోవాలె, నీ పుస్తకమే చెప్పింది" అని తన వంతు చాయ్ తేవడం మానేశాడు. ఈ ఇద్దరినీ నేను ఈనాటికీ క్షమించలేదు. కానీ అసలు గాయం చేసింది మెట్టుగూడ నుంచి వచ్చే అక్క. మాలో పెద్దావిడ. అందరికీ సరిపోయేలా కూర తెచ్చి, ముందు నా డబ్బా మూతలోనే వడ్డించేది.

"తమ్మీ, జెర ఒక్కటి చెప్పు" అంది పుస్తకం తిరిగిస్తూ. "ఎవ్వల సాయం వద్దని గంత లెక్చర్ ఇచ్చినాయన, ఆఖరికి ఆ ముసలామె వంటింట్ల కూసోని ఇంకింత అన్నం పెట్టుమన్నడు గద. గప్పుడు సిద్ధాంతం యాడబోయింది?"

అందరూ నవ్వారు. అలాంటి ఘట్టమే అందులో లేదని నా నమ్మకం. "అక్కా, మీరు అసలు చదవనేలేదు. చదవకుండా వెక్కిరించడం తేలిక. పైగా పుస్తకానికి పసుపు పూసి ఇచ్చారు" అన్నాను, ఆ అంచులు అందరికీ చూపిస్తూ.

ఆమె ఒక్క క్షణం నావైపు చూసి, "సరే తియ్యి" అని నా మూతలో దొండకాయ కూర వేసింది. నేను దాన్ని ఆమె వైపు నెట్టి, డబ్బా పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళిపోయాను. మూడు వారాలు అక్కడే ఒంటరిగా తిన్నాను. (నా డబ్బా కట్టేది మా ఇంటి ఓనరమ్మ అన్న సంగతి సిద్ధాంతానికి అడ్డురాలేదు.) రోజూ బల్ల మీద నా చోట ఒక మూతలో కూర ఉంటోందని ఆపరేటర్ చెప్పేవాడు. విననట్టు ఉండేవాణ్ణి.

నాలుగో వారం, జరిగిన నష్టాన్ని పేజీలవారీగా రాసి ఆమె ముందు పెడదామని కూర్చున్నాను. మొదటి నుంచీ తిరగేశాను. ఎక్కడా మచ్చ లేదు. పసుపంతా ఆఖరి పదహారు పేజీల అంచులకే ఉంది. ఆ అంచులు మిగతావాటిలా నున్నగా లేవు, చాకుతో కోసినట్టు పీచులు లేచి ఉన్నాయి. ప్రెస్సులో మడత అంచులు కోయకుండా వదిలేసిన పేజీలవి. నా దగ్గర్నుంచి వెళ్ళేటప్పుడు అతుక్కునే ఉన్నాయి. (మిగిలిన ఇద్దరూ కూడా అక్కడిదాకా రాలేదన్నమాట.) ఆమె వంట చేస్తూ, కూరగాయల చాకుతో విడదీసుకుని చదివింది. అప్పుడు నేనూ చదివాను. ముసలామె ఉంది. వంటిల్లు ఉంది. ఇంకాస్త అన్నమూ ఉంది.

అంటే నేను చదవలేదని ఆమెకు ఆ రోజే తెలుసు. ఒక్క మాటతో నలుగురిలో నా పరువు తీయగలిగి ఉండీ కూర వడ్డించింది.

మర్నాడు వెళ్ళి నా చోట కూర్చున్నాను. క్షమాపణ చెప్పబోయి, డబ్బా మూత ఆమె ముందుకు జరిపాను. "వచ్చినవా? తిను, సల్లగైతది" అంది, అంతే.

ఈ మధ్య బోయిన్‌పల్లి మార్కెట్లో కనబడింది. రిటైరై చాలాకాలమైందట. ఇన్నేళ్ళకైనా చెప్పేద్దామని "అక్కా, ఆ పుస్తకం, పసుపు..." అని మొదలుపెట్టాను.

"అవు తమ్మీ" అంది నొచ్చుకుంటూ. "చేతులు కడుక్కోకుంట కోసిన. నీ పుస్తకం ఖరాబ్ చేసిన. మనసుల పెట్టుకోకు."

ఎవరు ఏమన్నా మరిచిపోని నేను, పెద్ద మనసు చేసుకుని, "పర్వాలేదులే అక్కా" అన్నాను. ఆమె సంచి బస్టాపుదాకా మోశాను. దారిలో రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ టమాటాలు ఎలా ఇచ్చారని అడిగాను.