రెండు డిస్కులకూ నేను కొట్టిన పేరు

పదిహేనేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చిన్నదే. ఒక్క వాక్యం. కానీ ఎవరైనా నవ్వుతూ "ఈమధ్య నాకేదీ గుర్తుండటం లేదండీ" అంటే చాలు, నేను అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

తిరువూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేదాన్ని. వసుంధర అక్కడే బోటనీ లెక్చరర్. అది ఆమె అసలు పేరు కాదు. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చేసేది, మా చుట్టుపక్కల పాత నాటు మామిడి చెట్ల మీద. సెలవొస్తే షేర్ ఆటో ఎక్కి రెడ్డిగూడెం తోటలకో, పెనుగొలను పెరళ్ళకో వెళ్ళిపోయేది. ఒక్కో చెట్టుకీ ఫోటోలు తీసేది. పూత ఎప్పుడు వస్తుంది, కాయ ఎంత బరువు, ఆవకాయకు పనికొస్తుందా, ఆ ఇంటివాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారు, అన్నీ రాసుకొచ్చేది. ఆరేళ్ళలో మూడు వందల చెట్లు దాటాయి. ఆ వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో నేనే సాయం చేశాను.

ఆమె నాకేం అన్యాయం చేసింది? ఏమీ చెయ్యలేదు. ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నా జవాబు మారలేదు. నేనూ ఒకప్పుడు ఎమ్మెస్సీలో చేరాను. బాబు కడుపులో పడ్డప్పుడు మానేశాను. మానెయ్యమని ఎవరూ అనలేదు. మానొద్దని కూడా ఎవరూ అనలేదు. మా ఆయన గంపలగూడెంలో ఒక ఆఫీసులో ఉద్యోగి. మంచివాడే. కాలేజీలో నేనేం చెబుతానో ఏనాడూ అడిగి ఎరగడు. అలాంటి మనిషి అన్నం ముందు కూర్చుని, "మీ వసుంధర మేడం పని ఎంతవరకొచ్చింది?" అనేవాడు. దారిలో ఎక్కడైనా పాత మామిడి చెట్టు కనబడితే బండి ఆపి వివరాలు కనుక్కుని వచ్చి, "మేడంకి చెప్పు, సంతోషిస్తారు" అనేవాడు. అనుమానించాల్సిందేమీ లేదు. ఉండి ఉంటే నాకు సులువయ్యేది. ఆయన కళ్ళలో ఉన్నది ఉత్త గౌరవం. ఆ గౌరవమే నన్ను కాల్చేసింది.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు మా ఊరికి అప్పుడప్పుడే వస్తున్నాయి. ఎవరిదో పరిశోధన ఇంకెవరో కాజేశారని విని వసుంధర భయపడింది, కంప్యూటర్‌లోకి ఎక్కిన కాగితాలన్నీ చింపేసింది. బెజవాడ నుంచి రెండు డిస్కులు తెప్పించి, "నా పనంతా వీటిలో పెట్టి తాళం వెయ్యండి మేడం" అంది. ఒకటి ఆమె ఇంట్లో, ఒకటి కాలేజీ ల్యాబ్‌లో ఉంచాలని అనుకున్నాం.

ఒక ఆదివారం పొద్దున్నే ల్యాబ్‌లో కూర్చున్నాం. పాస్‌వర్డ్ పెట్టమంటే తన చూపుడు వేలు చూపించింది. మామిడి సొన పడి పొక్కింది, గుడ్డ చుట్టి ఉంది. "మీరే కొట్టండి. పెద్దరసం, చివర మా ఇంటి నంబరు" అంది. తెర మీద చుక్కలే కనబడతాయి కదా. నేను నా పేరు కొట్టాను. ఇంకోసారి కొట్టమంటే ఇంకోసారి కొట్టాను.

ఎందుకు కొట్టాను? ఆ క్షణంలో ఇంత దూరం ఆలోచించలేదు. ఆ పనిలో ఎక్కడో ఒకచోట నేను ఉండాలనుకున్నాను, అది తెరుచుకోవాలంటే నా దగ్గరికే రావాలనుకున్నాను, అంతే అనుకుంటాను, కానీ ఇలా చెప్పుకోవడం కూడా నన్ను నేను కాస్త మంచిదాన్ని చేసుకోవడమేనేమో.

ఆ పాత కంప్యూటర్ మీద డిస్కుకు తాళం పడటానికి నాలుగైదు గంటలు పట్టేది. ఒక శాతం. చాలాసేపటికి రెండు. పక్కనే ఆపేసే బటన్. వసుంధర పులిహోర తెచ్చింది. తిన్నాం. ముప్పై శాతమప్పుడు ఆమె తన కూతురి చదువు గురించి చెప్పింది. అరవై దగ్గర కరెంటు పోతే యూపీఎస్ కుయ్‌మంటుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టాం. నేను కూడా! ఆ పని చెడిపోకూడదని నేనూ దండం పెట్టుకున్నాను. మధ్యాహ్నానికి మొదటి డిస్కు అయింది. మొదటిసారి చెయ్యి దానంతటదే పోయిందనుకుందాం. రెండో డిస్కు పెట్టినప్పుడు? నాలుగు గంటలు ఆలోచించుకునే వీలు దొరికిన మనిషిని. మళ్ళీ నా పేరే కొట్టాను.

తర్వాత నెలనెలా ఆమె డిస్కు తెచ్చేది, నేను తెరిచి కొత్త ఫైళ్ళు ఎక్కించేదాన్ని. అలా ఏడాది గడిచింది. ఆ ఏడాది నేను సంతోషంగానే ఉన్నాను. ఆ మాట దాచను.

ఎండాకాలం ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. పిడుగు పడి వసుంధర ఇంట్లో కంప్యూటర్ కాలిపోయింది. ఆ కబురు మా ఆయనే తెచ్చాడు, తడిసిన బట్టలతో. "రేపు సెలవు పెట్టి దాన్ని బాగుచేయించడానికి బెజవాడ తీసుకెళ్తా. పాపం, ఆరేళ్ళ కష్టం" అన్నాడు. నా ఎమ్మెస్సీ పరీక్షకు బెజవాడ దాకా తోడు రమ్మంటే సెలవు దొరకదన్న మనిషి. డిస్కులున్నాయి, ఏం భయం లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. తువ్వాలు అందించి వంటింట్లోకి వెళ్ళాను.

మర్నాడు వసుంధర ల్యాబ్‌కి వచ్చింది. కంగారేమీ లేదు. "మన డిస్కులున్నాయిగా మేడం, ఒకసారి తెరవండి" అంది.

ఆమె ఆనాడు చెప్పిన మాటే కొట్టాను. తెరుచుకోలేదు.

"పెద్దరసం, ఇంటి నంబరు. అంతేగా?" అంది.

"అది పాతదండీ" అన్నాను. "పోయిన నెల మీరే మార్చారు కదా. కొత్తది మీరే కొట్టారు. నేను అటు తిరిగి కూర్చున్నాను."

"నేనా?"

"అవునండీ. రెండు డిస్కులకీ. మర్చిపోయారా?"

ఆమె నా మొహంలోకి చూసింది. నన్ను అనుమానిస్తుందనుకున్నాను. ఆమె తనను తాను అనుమానించుకుంది. "పేపర్లు దిద్దే హడావుడిలో ఉన్నాను... మార్చే ఉంటాను" అంది మెల్లగా.

పది రోజులు ల్యాబ్‌లో కూర్చుని ప్రయత్నించింది. కూతురి పేరు, అమ్మ పేరు, వీధి పేరు, చెట్ల పేర్లన్నీ. ఒక్కొక్కటీ నోటుబుక్కులో రాసి కొట్టేసుకునేది. నేను పక్క వరసలో పిల్లలకు పాఠం చెబుతూ చూసేదాన్ని. నా పేరు ఆమెకు తట్టలేదు. ఎందుకు తడుతుంది? మా ఆయన బెజవాడ నుంచి వట్టి చేతులతో వచ్చి వారం రోజులు దిగాలుగా ఉన్నాడు. ఆ దిగులు చూసీ అసూయపడ్డాను.

వసుంధర మళ్ళీ ఊళ్ళు తిరిగింది. కొన్ని చెట్లు కొట్టేశారు. కొన్నిచోట్ల వివరాలు చెప్పిన ముసలివాళ్ళు లేరు. గడువు దాటిపోయింది. ఆమె డాక్టరేట్ ఆగిపోయింది. అంతకంటే ఘోరం ఇంకోటి జరిగింది. ఆమెకు తన బుర్ర మీద నమ్మకం పోయింది. అరచేతి మీద పనులు రాసుకునేది. క్లాసులో, "ఈ పాఠం చెప్పానా?" అని పిల్లల్నే అడిగేది. గ్యాస్ కట్టేశానా అని దారి మధ్యలోంచి వెనక్కి వెళ్ళేది. వాళ్ళాయన ఖమ్మంలో డాక్టరుకు కూడా చూపించాడు. రెండేళ్ళకు ఉద్యోగం మానేసి అక్కడికే వెళ్ళిపోయారు.

ల్యాబ్ సామాను పారేసేటప్పుడు కాలేజీలో ఉన్న డిస్కు నేను తెచ్చుకున్నాను. ఒకే ఒక్కసారి తెరిచాను. చూస్తే ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ప్రతి ఫోటో కింద ఊరు, పేరు, చెట్టు వయసు. ఎంత శ్రద్ధగా చేసిందో అనిపించి మళ్ళీ అదే మంట రేగింది. మూసేశాను. దాన్ని ఆమెకు పంపొచ్చు. పంపితే ఎలా తెరవాలో చెప్పాలి. అది చెబితే అంతా చెప్పాలి. ఇన్నేళ్ళూ అక్కడే ఆగిపోయాను. రేపైనా పంపుతానని మీకు మాటివ్వలేను. నా మాటకు విలువెంతో మీకిప్పుడు తెలుసు.

క్షమించమని ఇది రాయలేదు. ఒక్క నిజం ఎక్కడో ఒకచోట, నా చేత్తో, తప్పు లేకుండా రాసి ఉండాలని రాశాను. వసుంధర ఆ నెలలో ఏ పాస్‌వర్డూ మార్చలేదు. ఆమె ఏదీ మర్చిపోలేదు.