డొంకలో ప్రతిష్టంభన

ఎండుమిరపకాయలు ఆరబోయడానికి మేడమీద పాత పేపర్లు పరిచినప్పుడల్లా, ఆ ఘాటుకి తుమ్ముతూనే హెడ్డింగులు చదువుతుంటాను. మొన్న ఒకదాంట్లో 'చర్చల్లో ప్రతిష్టంభన' అని కనిపించింది. ఇటువాడు తగ్గక, అటువాడు కదలక పని నిలిచిపోవడమని దానికి అర్థం. పల్నాట్లో పీటముడి పడిందంటాం. ఏ మాటన్నా, అదేదో వానలాగా తనంతట తనే వచ్చిపడినట్టు, అందులో ఎవరి తప్పూ లేనట్టు వాడతారు. నేనొప్పుకోను. దాన్ని తెచ్చిపెట్టినవాళ్ళను కళ్ళారా చూశాను. అందులో ఒకరు మా నాయన.

పందొమ్మిదివందల నలభైల్లో నకరికల్లు పక్కనున్న మా ఊరినుంచి నరసరావుపేట వెళ్ళాలంటే, రెండు వైపులా మనిషెత్తు నాగజెముడు పెరిగి, తొలకరికి నల్లరేగడి వాసనా, పొలాలకు తోలే పెంట వాసనా కలిసి ముక్కుపుటాలదరగొట్టే ఇరుకు డొంకలో పడి పోవాలి. ఎదురుబండి వస్తే తప్పుకునే చోటుండదు. ఖాళీ బండి వెనక్కి నడిచి బరువు బండికి దారివ్వాలి, అది కట్టుబాటు.

ఆ రోజు నేను నాయన తోలే బండిలో హైస్కూల్లో చేరే పరీక్షకు పోతున్నాను. మా ఊరినుంచి అలా వెళ్ళే ఆడపిల్లను నేనే మొదలు. పంతులుగారు ఏడాదిపాటు సాయంత్రాలు అరుగుమీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పారు. ఒళ్ళో పలక, పక్కన అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు. సగం డొంకలో, పొరుగూరి కోటయ్య మావయ్య పెంటబండితో ఎదురయ్యాడు.

"ఏంది బావా, ఖాళీ బండి వెనక్కి కొట్టు" అన్నాడు.

"ఖాళీ ఏందిరా? పిల్ల కనపడట్లా? పరీచ్చకి పోతంది."

"పిల్లా బరువేనా? రెండు మణుగులు తూగదు, నా పెంటతో పోటీయా!"

నాయన మొహం ఎర్రబడింది. కోటయ్య మావయ్య కాడి దించి, ఎద్దులకు చొప్ప వేసి, చుట్ట వెలిగించాడు. నాయనా కాడి దించాడు. నాకు ఏడుపొచ్చింది. "నాయనా, నేను దిగి నడిచిపోతా" అన్నాను.

"ఏమే, కదిలావంటే చంపుతా! నువ్వు దిగితే మనది ఖాళీ బండి అయిద్ది!"

కాబట్టి బరువుగా కూర్చున్నాను. పొద్దు నడినెత్తికెక్కింది. కబురందుకుని రెండూళ్ళ పెద్దలూ వచ్చి, నా రొట్టెలే తలో తునకా తిని, చానాసేపు తర్కించి, ఎవరి పరువూ పోకుండా తీర్పు చెప్పారు: ఇద్దరూ ఒకేసారి, అడుగుకు అడుగు, వచ్చినదారినే వెనక్కి పోవాలి. బళ్ళను వెనక్కి నెడుతుంటే జనం ఈలలు వేశారు. అటు పెంట పొలానికి చేరలేదు, ఇటు నేను పరీక్షకు చేరలేదు. న్యాయం అంటే ఇదీ అని అందరూ మెచ్చుకున్నారు. మరుసటి ఏడు పెద్దమనిషినయ్యానని ఊరి బడి కూడా మాన్పించారు.

ఇప్పుడా డొంక లేదు, జెముడు లేదు, కాడి కట్టే ఎద్దు లేదు. తారురోడ్డు మీద లారీలు ఒకదాన్నొకటి చూడకుండానే దాటిపోతున్నాయి. కోటయ్య మావయ్య పోయాడు. నాయన పోయేదాకా, ఎవరైనా ఆ సంగతి ఎత్తితే చాలు, "మేం తగ్గలేదు" అని మీసం దువ్వేవాడు. నడిచిపోతానని నేనన్న మాట ఆయన ఒక్కనాడూ చెప్పలేదు. అది విన్నవాళ్ళలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే.