నూతిలో గుప్పెడు ఉప్పు

రాసుకో అమ్మడూ. నువ్విప్పుడిచ్చిన ఈ టిన్ను నీళ్ళు తాగితే కాట్రేనికోనలో మా నుయ్యి గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్ళు. మా నాన్నగారు పక్కనున్న పెంకుటిల్లు అమ్మకానికి పెట్టి, బేరం కుదిరేదాకా ఉండమని వరాలత్తకి అద్దెకిచ్చారు. అమ్ముడైతే నెలలో ఖాళీ చెయ్యాలి. పాపం, ముగ్గురు పిల్లలతో ఆవిడ అప్పటికే నాలుగిళ్ళు మారింది. ఆవిడ వెళ్ళిపోతే రోజూ నాకు జడెవరు వేస్తారని నా బెంగ.

సముద్రం దగ్గర కదా, మా వైపు ఇల్లు కొనేవాళ్ళు గోడలకన్నా ముందు నూతినీళ్ళు రుచి చూస్తారు. అందుకని, కొనేవాళ్ళు వస్తున్నారని తెలిసి గుప్పెడు కల్లుప్పు తెచ్చి నూతిలో పోసేశాను. అది వరాలత్త చూసేసింది.

వచ్చినాయన నూతి దగ్గర ఆగి, "నీళ్ళు ఎలా ఉంటాయమ్మా?" అని ఆవిడనే అడిగాడు.

నేను ఆవిడ మొహంలోకే చూస్తున్నాను. ఉప్పగా ఉంటాయని ఒక్క మాటంటే చాలు, ఆ ఇంట్లో ఉండిపోవచ్చు.

"కొబ్బరినీళ్ళేనండీ. ఎండాకాలంలో కూడా ఉప్పెక్కవు," అంటూ చేదతో తోడి ఇచ్చింది.

ఆయన తాగి, "ఆయ్, బాగున్నాయండీ," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక, నా ఉప్పంతా ఏమైపోయిందా అని నూతిలోకి తొంగిచూశాను.

"గుప్పెడు ఉప్పుకి మారిపోయే నుయ్యి కాదే పిచ్చిదానా," అంది వరాలత్త, నన్ను కూర్చోబెట్టి జడ విప్పుతూ.

నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. నేను మాత్రం చాలా ఏళ్ళు ఆ నుయ్యే గొప్పదనుకున్నాను.